రిటర్న్ గిఫ్టుగా గప్పీలు వద్దండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో పిల్లల పుట్టినరోజుకి తక్కువ ఖర్చులో ఇవ్వగలిగే రిటర్న్ గిఫ్టులంటూ ఒక పేజీ వేశారు. అందులో మూడోది గప్పీ చేపలు. చిన్న గాజు బౌల్, అడుగున రంగురాళ్లు, రెండు గప్పీలు, పక్కన మేత ప్యాకెట్. గప్పీలు మొండి చేపలనీ, ఫిల్టర్ అక్కర్లేదనీ, వారానికోసారి బౌల్ శుభ్రంగా కడిగి నీళ్లు మారిస్తే చాలనీ రాశారు. పేజీ బాగుంది, ఫోటో ఇంకా బాగుంది. కానీ అది చదివాక నాకు టీ దిగలేదు. ఎందుకంటే సరిగ్గా అలాంటి బౌలే, అవే రంగురాళ్లు, అలాంటి రెండు చేపలే మూడేళ్ల క్రితం మా అమ్మాయి ఫ్రెండ్ పుట్టినరోజు నుంచి మా ఇంటికొచ్చాయి.

ఆ పార్టీకి ఇరవై ఎనిమిది మంది పిల్లలు వెళ్లారు, అందరికీ తలొక బౌల్. ఇక ఆ వారమంతా స్కూల్ ఆటోలో ఒకటే కబుర్లు, ఎవరి చేప పోయింది, ఎవరిది ఇంకా ఉంది అని. మాది ఐదో రోజు పొద్దున పోయింది, మగది, నారింజ రంగు తోకది. మా అమ్మాయి బడికెళ్లనని కూర్చుంది. మా మామగారు బౌల్ దగ్గరికొచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, వంగి చూసి ఒక మాటన్నారు. "ఇది మున్సిపాలిటీ వాళ్లు దోమల కోసం మురిక్కాలవల్లో వదిలే రకమే కదమ్మా. మురిక్కాలవలో బతికేది మనింట్లో చావడమేంటి? మనిల్లు కాలవ కంటే హీనమా?"

నవ్వొచ్చింది కానీ జవాబు తెలియలేదు. తెలుసుకోవడానికి ఏడాది పట్టింది, ఇంకొన్ని చేపల ప్రాణాలు కూడా పట్టాయి. ఆ జవాబు చెబుదామనే ఈ ఉత్తరం, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

గప్పీ మొండిదన్నది అబద్ధం కాదు. దాని సొంత ఊరు ట్రినిడాడ్, వెనిజులా వైపు వాగులూ కాలవలూ. 1860ల్లో ట్రినిడాడ్‌లో ఉండే గప్పీ అనే ఆయన ఈ చేపల్ని పట్టి లండన్ మ్యూజియానికి పంపాడు, ఆయన ఇంటిపేరే చేపకి నిలిచిపోయింది. దోమ లార్వాలను తింటుందని తర్వాత దేశదేశాలకీ తీసుకెళ్లి వదిలారు, మన దేశానికీ అలాగే వచ్చింది. మురికి నీళ్లలో కూడా తట్టుకుంటుంది కాబట్టి కాలవల్లో నిలదొక్కుకుంది. ఇంకో సరదా సంగతి, ట్రినిడాడ్ వాగుల్లో పెద్ద చేపలు తిరిగే చోట మగ గప్పీలు వెలిసిపోయినట్టు ఉంటాయట, జలపాతాల పైన ఆ భయం తక్కువ ఉన్న చోట మాత్రం రంగులేసుకుని తిరుగుతాయట. ఈ సంగతి చెప్తే మావారు, "మగాళ్లు ఎక్కడైనా అంతే, అడిగేవాళ్లు లేని చోటే సోకులు" అన్నారు.

కానీ కాలవలో ఉండే గప్పీ వేరు, షాపులో దొరికేది వేరు. షాపుల్లో కోబ్రా, టక్సెడో, ఆల్బినో ఫుల్ రెడ్ అని పేర్లు పెట్టి అమ్మేవి తరతరాలుగా తోక కోసం, రంగు కోసం ఏరి ఏరి పెంచినవి. ఒకే కాన్పు పిల్లల్ని మళ్లీ మళ్లీ జత కట్టిస్తూ పోతే అందం వస్తుంది, ఓపిక పోతుంది. ఇది సగం జవాబు. మిగతా సగం నేను చేసిన తప్పులో ఉంది, దానికి తర్వాత వస్తాను.

బౌల్‌లో ఆడ చేప మిగిలింది కదా, దాన్ని బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకటి కొత్తది కొని అందులోకి మార్చాను. చేపల షాపు నుంచి హైడ్రిల్లా అనే నాచు మొక్క ఒక కట్ట తెచ్చి వేశాను, బాల్కనీలో ఎండ నేరుగా పడని మూల పెట్టాను. మూడు వారాలకి దాని పొట్ట పెట్టెలాగా నలుచదరం అయింది, తోక వైపు పొట్ట కింద నల్లటి మచ్చ ముదిరింది. ఒక రాత్రి గిన్నెలు కడుక్కుని బాల్కనీలోకి వెళ్లి టార్చ్ వేసి చూస్తే, నాచు వెనక కదలకుండా నిలబడి తోక సన్నగా వణికిస్తోంది. ఆవగింజంత ఉండ ఒకటి రాలింది. సగం లోతు దాకా మునిగి, అక్కడ విప్పుకుంది. రెండు కళ్లు, వెంట్రుక లాంటి తోక, అంతే, మరుక్షణం ఆకుల్లోకి దూరిపోయింది. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే పెడుతుందని అప్పటిదాకా నాకు తెలీదు. అమ్మాయిని నిద్రలేపాను. అది పదిహేడు దాకా లెక్కపెట్టింది. పద్దెనిమిదో దాన్ని తల్లే వెనక్కి తిరిగి గుటుక్కున మింగింది. అది చూసి మా అమ్మాయి ఏడుపు, నా పని మళ్లీ ఓదార్పు.

ఆ తర్వాత నెలకి మళ్లీ పిల్లల్ని పెట్టింది, ఇంట్లో మగ చేప ఒక్కటీ లేకుండానే. మా అత్తయ్యగారు బుగ్గన వేలేసుకున్నారు. షాపతన్ని అడిగితే, ఇందులో వింతేం లేదు, ఒకసారి మగదానితో కలిస్తే ఆ వీర్యం ఆడదాని ఒంట్లో నెలల తరబడి నిలవ ఉంటుంది, దాంతోనే నాలుగైదు కాన్పులు కూడా అయిపోతాయి అన్నాడు. షాపులో మగా ఆడా కలిపి ఉంచుతారు కాబట్టి మనం కొనే ప్రతి పెద్ద ఆడ గప్పీ కడుపుతో ఉన్నట్టే లెక్క. ఇప్పుడు మీ రిటర్న్ గిఫ్టు సంగతి చూడండి. ఇరవై ఎనిమిది బౌళ్లు ఇచ్చామంటే ఇరవై ఎనిమిది ఇళ్లకి గర్భిణుల్ని పంపించామన్నమాట, మూడు లీటర్ల నీళ్లలో.

పిల్లలు పెరిగేసరికి టబ్బు చాల్లేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు, ఎయిర్ పంపు, స్పాంజి ఫిల్టర్ కొన్నాం. యాభై లీటర్ల పైగా నీళ్లు పడతాయి. మూణ్ణెల్లు బ్రహ్మాండంగా నడిచింది. అప్పుడొచ్చింది నా శుభ్రం పిచ్చి. ఒక ఆదివారం బంధువులొస్తున్నారని, ట్యాంకు అడుగున మట్టిరంగు నలక కనిపిస్తోందని, చేపల్ని మగ్గుతో పట్టి బకెట్లో వేసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లు బియ్యం కడిగినట్టు కడిగి, స్పాంజి కుళాయి కింద పెట్టి నల్లనీళ్లు పోయేదాకా పిండి పిండి, కుళాయి నీళ్లు నిండా పట్టి చేపల్ని మళ్లీ వేశాను. అద్దంలా మెరిసింది. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. సోమవారం సాయంత్రానికి చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి, విసనకర్రల్లా ఉండే తోకలు మడిచిన గొడుగుల్లా అయిపోయాయి. మంగళవారం పొద్దునకి పదకొండు పోయాయి.

షాపుకి వెళ్లి కొట్లాటకి దిగాను, నువ్విచ్చిన మేత మంచిది కాదని. అతను నింపాదిగా విని, "ఆదివారం కడిగారా మేడమ్?" అన్నాడు. మీకెలా తెలుసన్నాను. "చేపలు పోయాయని వచ్చేవాళ్లు ఎక్కువగా మంగళవారమే వస్తారు మేడమ్" అన్నాడు.

నా తప్పు రెండు రకాలుగా జరిగింది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేప మొప్పల్ని కాల్చేస్తుంది. అది తెలిసిన విషయమే, అందరూ చెప్తారు. తెలియనిది రెండోది. చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, మిగిలిపోయిన మేత నుంచి నీళ్లలోకి అమ్మోనియా చేరుతూ ఉంటుంది. కంటికి కనపడదు, నీళ్లు స్ఫటికంలా ఉన్నా ఉంటుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది కొద్దిగా ఉన్నా చేపలు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా అంతా ఉండేది స్పాంజిలో, రాళ్ల మీద, మొక్కల మీద, మనం మురికి అని గీకి పారేసే ఆ జిగట పొరలో. అంటే నేను ఆదివారం పూట మురికి అనుకుని వదిలించింది చేపల్ని కాపాడుతున్న దాన్నే.

ఇది మా అత్తయ్యగారికి నేను చెప్పిన పద్ధతిలో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. స్పాంజిలో ఉండేది పెరుగులోకి తోడు లాంటిది. తోడంతా కడిగేసి పాలు ఎందుకు తోడుకోలేదంటే ఎలా? పాలు తోడుకోడానికి ఒక రాత్రి చాలు, ట్యాంకు తోడుకోడానికి నెలా నెలన్నర పడుతుంది. అందుకే కొత్త ట్యాంకులో మొదటి రోజే ఇరవై చేపలు వేసేస్తే రెండో వారంలో టపటపా పోతాయి. ఒకటో రెండో వేసి, మేత తగ్గించి, నెల ఆగి మిగతావి వేసుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఎప్పటినుంచో చేపలు పెంచుతున్నవాళ్ల ఇంటికెళ్లి వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మన ఫిల్టర్లో పెట్టుకోవచ్చు, పక్కింటికెళ్లి తోడు అడిగినట్టే. వాళ్ల చేపలకి జబ్బేమీ లేదని చూసుకుని మరీ తెచ్చుకోండి. మామగారి ప్రశ్నకి మిగతా సగం జవాబు కూడా ఇదే. కాలవని ఎవరూ ఆదివారం పూట కడగరు. అందులో మురికి ఉంటుంది, ఆ మురికిని తినే బ్యాక్టీరియా, నాచు కూడా ఉంటాయి. బౌల్‌లో మాత్రం మురికి చేరుతుంది, తినేది చేరే లోపే మనం కడిగేస్తాం.

ఇప్పుడు నేను చేసేది వారానికోసారి నాలుగోవంతు నీళ్లు సన్న పైపుతో అడుగు నుంచి లాగేయడం. తీసిన ఆ నీళ్లలోనే నెలకోసారి స్పాంజిని రెండుసార్లు పిండి తిరిగి పెట్టేస్తాను, కుళాయి కిందకి పోనివ్వను, సబ్బు మాట అసలే లేదు. లాగిన నీళ్లు కరివేపాకు కుండీకి, బంగారంలా పెరుగుతోంది. కొత్తగా పోసే నీళ్లు ముందు రోజే బకెట్లో పట్టి మూత లేకుండా ఉంచుతాను, అప్పటికి క్లోరిన్ ఎగిరిపోతుంది. వానాకాలంలో కృష్ణ నీళ్లు బ్లీచింగ్ వాసన గుప్పుమన్నప్పుడు మాత్రం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు కూడా వేస్తాను. మంచిదని చెప్పి ఆర్‌ఓ నీళ్లు పోసేవాళ్లున్నారు, మావారూ పోయబోయారు, మనం తాగేవే కదా అని. గప్పీకి కాస్త ఉప్పదనం, సున్నం ఉన్న నీళ్లే ఇష్టం. ఆర్‌ఓలో ఆ లవణాలన్నీ పోతాయి. గిన్నెల మీద తెల్ల మరకలు పడుతున్నాయని మనం తిట్టుకునే బోరు నీళ్లున్నాయే, అవి గప్పీకి చక్కగా సరిపోతాయి.

మేత గురించి ఒక్కటే చెప్తాను. మా ఇంట్లో చేపలకి ఆకలి ఎప్పుడూ లేదు, అజీర్తే. పొద్దున మామగారు వేస్తారు, బడికెళ్తూ అమ్మాయి వేస్తుంది, పనమ్మాయి కూడా పాపం అడుగుతున్నాయమ్మా అని చిటికెడు వేసేది. గప్పీ మనిషిని చూస్తే చాలు అద్దం దగ్గరికొచ్చి ఊగిపోతుంది, ఇప్పుడే తిన్నా సరే. రెండు నిమిషాల్లో తినగలిగినంత రెండు పూటలా వేస్తే చాలు, మిగిలింది అడుగున కుళ్లి మళ్లీ ఆ అమ్మోనియానే. అందుకని మాత్రల డబ్బాలో రోజుకి సరిపడా మేత పొద్దున్నే కొలిచి పెడతాను, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి హోటల్ బంద్. శనివారం అత్తయ్యగారు ఒంటిపూట ఉంటారు, చేపలకి ఆ ఒంటిపూట కూడా లేదు. వాటికేమీ కాదు, వారానికో రోజు కడుపు ఖాళీగా ఉంటే ఇంకా చురుగ్గా ఉంటాయి. పిల్లలకి మాత్రం గుళికల మేత పొడి చేసి రోజుకి మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం వేయాలి, ఉడికించిన గుడ్డు పచ్చసొన సూది మొన మీద నిలిచేంత వేసినా తింటాయి, ఎక్కువైతే నీళ్లు పాలలా విరిగిపోతాయి జాగ్రత్త.

మా విజయవాడలో అసలు పరీక్ష ఎండాకాలం. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు, ఇక గాజు బౌల్‌లో మూడు లీటర్ల నీళ్లెంత? గప్పీకి ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీల నీళ్లు హాయిగా ఉంటాయి. మే నెల మధ్యాహ్నం మా ట్యాంకులోనే ముప్పై రెండు చూశాను. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో ఇంకా ఎక్కువ కావాలి. పైన మూత తీసి వల బట్ట కప్పి టేబుల్ ఫ్యాన్ నీళ్ల మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. వల మర్చిపోవద్దు, గప్పీలు ఎగురుతాయి, ఒకదాన్ని సోఫా కింద ఎండిపోయాక చూశాం. ఐస్ ముక్కలు నేరుగా వేయడం ప్రమాదం, ఒక్కసారిగా చల్లబడితే అదీ తట్టుకోలేవు. కరెంటు పోయి పంపు ఆగితే కంగారు పడక్కర్లేదు, మగ్గుతో ట్యాంకులో నీళ్లే తీసి జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉంటే గాలి కలుస్తుంది. మొన్న వేసవిలో నేనూ అమ్మాయీ వంతులేసుకుని రెండు గంటలు పోశాం. షాపులో హీటర్ అంటగట్టబోతే మాత్రం మనూరికి వద్దని నవ్వేసి వచ్చేయండి.

ఇంకా ఎన్ని చేపలు, ఏ పాళ్లలో అన్నది కూడా ఉంది. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే మగవి ఆడదాన్ని ఊపిరి తిప్పుకోనివ్వకుండా వెంటబడి చంపేస్తాయి. బౌల్‌లో ఒకటీ ఒకటీ జంటగా పెట్టడం చూడముచ్చటగా ఉంటుంది కానీ ఆడదానికి నరకం, దాక్కోడానికి ఆకు కూడా ఉండదు. పిల్లలు ఎక్కువైపోతాయన్న భయముంటే ఒట్టి మగవాటినే పెంచుకోండి, రంగులెలాగూ వాటివే.

ఎక్కువైన పిల్లల్ని ఏం చేయాలన్నది అందరికీ వచ్చే తలనొప్పి. మా పై ఫ్లాటాయన ఒక కవర్ నిండా తీసుకెళ్లి రైవస్ కాలవలో వదిలొచ్చారు, పుణ్యం అనుకుని. దయచేసి అలా చేయకండి. మురిక్కాలవల్లో దోమల కోసం వదలాలా వద్దా అన్నది ఆరోగ్య శాఖ వాళ్లు చూసుకుంటారు, మనిష్టం వచ్చినట్టు పంట కాలవల్లో చెరువుల్లో వదిలితే మన నాటు పరిగె చేపలకి మేత తగ్గుతుంది, మన ట్యాంకుల్లో జబ్బులు కూడా వాటికి అంటుకుంటాయి. నేను షాపుకే తిరిగి ఇచ్చేస్తాను, డబ్బులివ్వరు, బదులు మేత ప్యాకెట్ ఇస్తారు. రెండు జతలు మాత్రం మేడ మీద తామర తొట్టిలో వేశాను. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలా నిలవున్న మంచినీళ్లలోనే కదా. అంతకుముందు ఆ తొట్టిలో దోమ పిల్లలు లుకలుకలాడుతూ ఉండేవి, ఇప్పుడు ఒక్కటి కనపడదు. అక్కడ ఫిల్టర్ లేదు, పంపు లేదు, నేను మేత కూడా వేయను, రెండేళ్లుగా సుబ్బరంగా ఉన్నాయి. చూడ్డానికి నీళ్లు పచ్చగా, అడుగున మట్టి, ఏ ఫోటోకీ పనికిరాదు.

ఇంతకీ నేను అడిగేది చిన్నది. వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక మూల ఆ మూడో ఐటమ్ వెనక్కి తీసుకుంటున్నామని వేయండి. దాని బదులు పెన్సిల్ బాక్సు అని వేసినా సరే. పిల్లలు బోర్ అంటారు, నాకు తెలుసు, కానీ అది మంగళవారానికి చచ్చిపోదు. చేపలే పెంచుకోవాలనుకునే ఇంటికైతే ముందు ట్యాంకు కొనుక్కుని ఒకటో రెండో చేపలు వేసుకోమని, నెల ఆగి మిగతావి తెచ్చుకోమని రాయండి, కావాలంటే నేనే రాసిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ.

తా.క. ఈ పాటికే ఎవరింటికైనా బౌల్ వచ్చేసి ఉంటే పారేయకండి. ఇరవై లీటర్ల పైన పట్టే టబ్బు ఏదైనా సరే, ఒక రోజు నిలవ ఉంచిన నీళ్లు, ఒక కట్ట హైడ్రిల్లా, బౌల్‌లో నీళ్లు సగం. చేపల్ని చిన్న డబ్బాలోకి తీసుకుని, టబ్బు నీళ్లు పది నిమిషాలకోసారి అరగ్లాసు చొప్పున కలుపుతూ పోయి, డబ్బా నిండాక వదలండి. మొదటి రెండు రోజులు మేత వేయొద్దు. బౌల్‌లో రంగురాళ్లు కూడా కడక్కుండా అలాగే టబ్బులో వేయమని మా అమ్మాయి రాయమంటోంది.